ఉద్యోగం పోయింది, నాయన నోటుబుక్కులు దించాను. ఇప్పుడు రాయాలా, ఆగాలా?

కొర్లగుంట

అందరికీ నమస్తే. ఇక్కడ చదివి పోయేవాడినే గానీ రాసేది తక్కువ. పోయిన నెల నా ఉద్యోగం పోయింది. ఊరి బయట ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్, చేరి పదేళ్లు దాటింది. లైను ఎత్తేస్తున్నాం అన్నారు, మూడు నెలల జీతం ఇస్తామన్నారు, గేటు పాసు తీసుకున్నారు. దాని గురించి ఏడవడానికి ఈ పోస్టు పెట్టలేదు. నాకు 46. మా ఆవిడ ప్రైవేటు బడిలో టీచరు, పిల్లోడు ఇంటర్ మొదటి సంవత్సరం, ఇల్లు సొంతం. రేపు పొద్దున పొయ్యి వెలగదు అన్న పరిస్థితి లేదు, అట్లని ఏడాది కూర్చుని తినే పరిస్థితీ లేదు.

అసలు సంగతి ఏందంటే, మా నాయన వీధి నాటకాల్లో ద్రౌపది వేషం కట్టేవాడు. తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లకు భారతం గురించి చెప్పక్కర్లేదు. మిగతా జిల్లాల వాళ్ల కోసం: ఎండాకాలం వచ్చిందంటే మా వైపు ధర్మరాజుల గుళ్లున్న ఊళ్లలో భారతం పెడతారు, మామూలుగా 18 రోజులు. పగలు హరికథ, రాత్రి భోజనాలయ్యాక తెల్లవార్లూ వీధి నాటకం. పగలు చెప్పిన కథే రాత్రికి ఆడతారు. ఆఖరి రోజు మట్టితో నేల మీద పడుకోబెట్టిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ తొడ మీద భీముడు గదతో కొడతాడు, అప్పటిదాకా విరబోసుకున్న జుట్టు ద్రౌపది ముడి వేసుకుంటుంది, సాయంత్రం నిప్పుల గుండం. ఆ ముడి వేసుకునేది మా నాయనే. సీజను కాని రోజుల్లో గాంధీ రోడ్డు పక్క సందులో మిషను కుట్టేవాడు. జుట్టు పెంచుకునేవాడు కాబట్టి బడిలో నన్ను ద్రౌపది కొడుకు అని పిలిచేవాళ్లు, ఇప్పటికీ పాత స్నేహితులు ఒకరిద్దరు అట్లే పిలుస్తారు.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ట్రంకు పెట్టెలో నోటుబుక్కులు ఉన్నాయి, పొడుగు రూళ్ల పుస్తకాలు. ఎడమ పేజీలో కుట్టుపని కొలతలు, ఛాతీ 36, నడుం 32, చేయి పొడవు, పక్కన 'బుధవారం ఇవ్వాల' అని. కుడి పేజీలో వస్త్రాపహరణం పద్యాలు, దరువులు (నాటకంలో పాడే పాటలు), ఎక్కడ మద్దెల ఆగాలో అక్కడ చిన్న సున్న. వీటిని పుస్తకం చేస్తానని ఆయన ఉన్నప్పుడే మాటిచ్చినాను. షిఫ్టులు, ఇంటి లోను, పిల్లోడి చదువు, అట్లా జరుపుకుంటూ రిటైరయ్యాక చూద్దాం అన్నదాకా వచ్చింది. ఇప్పుడు టైము తనంతట తనే వచ్చి నెత్తిన పడింది. పొద్దున పుస్తకాలు ముందేసుకుని కూర్చుంటాను, పదకొండు కొట్టేసరికి ఫోన్లో ఉద్యోగాల యాప్ చూస్తా ఉంటాను. ఆ రెండూ కాకుండా పోతోంది రోజు. ముందు ఉద్యోగం చూసుకుని తర్వాత రాయాలా, ఇదే అదనుగా రాసేయాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

చెన్నై_సెంట్రల్

మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నా అన్నా. ముందు ఉద్యోగం. 46 లో గ్యాప్ వస్తే ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే. పుస్తకం ఎటూ పోదు, ఇన్నేళ్లు పెట్టెలో ఉంది, ఇంకో రెండేళ్లు ఉంటుంది. అయినా వీధి నాటకం పద్యాల పుస్తకం ఎవరు కొంటారు? మా స్నేహితుడొకడు కథల పుస్తకం అచ్చేసుకుని అట్టపెట్టెలు మంచం కింద తోశాడు, ఇప్పటికీ ఎవరి ఇంట్లో పెళ్లయినా అదే గిఫ్టు. తప్పుగా అనుకోవద్దు.

హెచ్ఆర్_కాదు_నేను

రాయాలా వద్దా తర్వాత, ముందు కాగితాలు చూద్దాం. నీ చేత రాజీనామా లెటర్ రాయించుకున్నారా, వాళ్లే తీసేస్తున్నట్టు లెటర్ ఇచ్చారా? చాలాచోట్ల 'నువ్వే మానేసినట్టు రాసిస్తే రికార్డు బాగుంటుంది' అని తియ్యగా మాట్లాడి సంతకం పెట్టించుకుంటారు. వర్కర్ కిందికి వచ్చేవాళ్లను తీసేస్తే చట్టప్రకారం సర్వీసు చేసిన ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారం ఇవ్వాలి, రాజీనామా అని రాసిస్తే అది అడిగే దారి మూసుకుపోతుంది. సూపర్‌వైజర్ హోదా ఉంటే లెక్క వేరు. సంతకం పెట్టకపోయుంటే ఇంక పెట్టొద్దు.

గ్రాట్యుటీ వేరే. ఐదేళ్లు దాటినవాళ్లకు అది హక్కు, ఎవరి దయా కాదు. ఆఖరి బేసిక్, డీఏ కలిపి 26 తో భాగించు, 15 తో గుణించు, ఎన్నేళ్లు చేశావో దాంతో మళ్లీ గుణించు. మాటవరసకు 26 వేలు, 12 ఏళ్లు అనుకుంటే 1,80,000. ఉద్యోగం పోయిన 30 రోజుల్లోపు ఇవ్వాలి. మూడు నెలల జీతం అన్నావే, అందులోనే ఇది కూడా కలిపేసి చూపించారేమో ఆ కాగితం మళ్లీ ఒకసారి చదువు.

పీఎఫ్ డబ్బు అవసరం లేకపోతే కదపొద్దు. 2024-25 కి వడ్డీ 8.25 శాతం ఇచ్చారు, బ్యాంకులో అంత రాదు. పెన్షన్ స్కీములో పదేళ్లు నిండితే 58 కి పెన్షను వస్తుంది కాబట్టి ఆ సర్వీసు లెక్క సరిగా ఎక్కిందో లేదో ఇప్పుడే చూసుకో. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి పనిదినంతో పోతుంది, అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుందేమో వెంటనే అడుగు. ఇవన్నీ తేలితే నీకు ఎన్ని నెలలు ఊపిరి ఉందో తెలుస్తుంది. అది తెలిశాక పద్యాలు.

కొర్లగుంట

హెచ్ఆర్ అన్నా (కాదంటూనే అంతా చెప్పేశావు), చాలా థ్యాంక్స్. రాజీనామా రాయలేదు, తీసేసినట్టే లెటర్ ఉంది. గ్రాట్యుటీ లైను వేరుగా లేదు, మూడు నెలలు మాత్రమే కనిపిస్తోంది. రేపే పోయి అడుగుతాను.

చెన్నై అన్నా, తప్పుగా ఎందుకనుకుంటాను, మా ఆవిడా సగం అదే అంటోంది. మిగతా సగం ఏమంటోందంటే మధ్యాహ్నం దాకా నీ ఇష్టం, ఆ తర్వాత నీళ్ల ట్యాంకరు, కరెంటు బిల్లు, పిల్లోడి ట్యూషన్ అన్నీ నువ్వే చూసుకో అని.

తలకోన_నీళ్లు

అన్నా నాకూ ఉద్యోగం పోయింది, బెంగళూరులో, నేను 27. రాసేయ్ అన్నా. నవలగా రాసేయ్. ద్రౌపది వేషం కట్టే టైలరు, ఆయన కొడుకు, జుట్టు, బడి, ఇంతకంటే ఏం కావాలి. నోటుబుక్కు ప్రింటు చేస్తే పరిశోధకులు చదువుతారు, నవల రాస్తే నేను చదువుతా.

పద్మక్క_పీలేరు

తమ్ముడూ, నేను 2020 లో, కరోనా అప్పుడు, బడి ఉద్యోగం పోగొట్టుకున్నదాన్ని. మా అత్త పాడే గొబ్బి పాటలు, నాట్లప్పుడు పాడే పాటలు రాసిపెట్టాలని పెళ్లయినప్పటి నుంచీ అనుకుంటున్నా, అప్పుడు కూర్చున్నా. నీకు ఒకటే చెప్తా. రోజంతా ఖాళీ ఉంటే పని జరుగుతుంది అనుకుంటాం గానీ జరగదు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ 'టైము లేదు' అని ఒక సాకు ఉంటుంది, అది పోయాక తెల్లకాగితం ఎదురుగా కూర్చుంటే చచ్చేంత భయం వేస్తుంది. నాకైతే గ్యాసు పొయ్యి తుడవడం, అల్మారా సర్దడం లాంటి పనులన్నీ అప్పుడే గుర్తొచ్చేవి. టిఫిన్ల పని అయ్యాక పప్పు కుక్కర్ పెట్టేదాకా అని హద్దు పెట్టుకున్నాకే పేజీలు కదిలాయి. మీ ఆవిడ మధ్యాహ్నం దాకా అని చెప్పింది చూడు, అది నీకు మంచే చేసింది. ఆ యాప్ మాత్రం మధ్యాహ్నం తర్వాతే తెరువు. ఉద్యోగాలవాళ్లు పొద్దున్నే చూసినవాడికి ముందు ఇవ్వరు.

చెన్నై_సెంట్రల్

అక్కా, ఇస్తారు. మొదటి వంద అప్లికేషన్లే చూస్తారు కొన్నిచోట్ల.

పద్మక్క_పీలేరు

అయితే తొమ్మిదిలోపు చూసేసి మూసేయమను నాయనా. మధ్యలో తెరవొద్దంటున్నా, అంతే.

పాత_మాస్టారు

కొర్లగుంట గారికి. నేను నగరి వైపు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. భారతం పెట్టే ఊరిలోనే పుట్టాను. మీ ప్రశ్న చదివి రెండు రోజులుగా జవాబు రాయాలనుకుంటున్నాను, కరెంటు, కళ్లు రెండూ సహకరించలేదు.

ఉద్యోగం ముందా పుస్తకం ముందా అని అందరూ మాట్లాడుతున్నారు. నేను వేరే విషయం అడుగుతాను. మీ నాన్నగారితో కలిసి ఆడినవాళ్లు ఎంతమంది ఇంకా ఉన్నారు? నోటుబుక్కు ఎటూ పోదని చెన్నై వారు అన్నారు, నిజమే. కానీ నోటుబుక్కులో ఉన్నది సగమే. వీధి నాటకం రాతప్రతి చూసి నాటకం తెలిసిపోతుందనుకుంటే పొరపాటు. దరువు ఏ వరుసలో ఎత్తుకోవాలి, తెర వెనక నుంచి పాత్ర ఎట్లా తన పేరు చెప్పుకుంటూ వస్తుంది, తెర ఎప్పుడు దించాలి, పద్యం మధ్యలో ఊరి పెద్దను ఎట్లా ఆట పట్టిస్తారు, ఇదంతా మనుషుల్లో ఉంది. మద్దెల ఆగాల్సిన చోట సున్న ఉందన్నారు. ఆ సున్న దగ్గర ఎంతసేపు ఆగాలో, ఆగినప్పుడు ద్రౌపది ఏం చేస్తుందో ఆ మద్దెల కొట్టినాయనకే తెలుసు.

పైగా ఊరూరికీ తేడా. కొన్ని ఊళ్లలో అర్జునుడి తపస్సు నాడు మాను ఎక్కినవాడు గంటల తరబడి పద్యాలు పాడతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద సాష్టాంగపడి ఉంటారు, పైనుంచి నిమ్మకాయలు, పూలు, విభూతి వేస్తాడు. ఆ పద్యాలు ఎవరి ప్రతిలోనూ ఒకేలా ఉండవు. బకాసురుడి బండి మీద కూర్చుని భీముడు ఊరంతా తిరుగుతూ అనే మాటలు అయితే అసలు ప్రతిలోనే ఉండవు, ఆ రోజుకు ఆ ఊరికి పుట్టేవి.

కాబట్టి నా మాట ఇది. రాయడం ఉద్యోగం వచ్చాక కూడా రాయవచ్చు, ఆదివారాలు ఉంటాయి. పెద్దవాళ్ల దగ్గరికి పోవడానికి మాత్రం మీకు ఇప్పుడున్న పగటిపూట ఖాళీ మళ్లీ దొరకదు. ఈ నెలలు రాయకండి, వినండి.

కొర్లగుంట

మాస్టారూ, మీరు రాసింది మా ఆవిడకు చదివి వినిపించాను.

నాకు తెలిసి ముగ్గురు ఉన్నారు. దుర్యోధనుడు కట్టే ఆయన నారాయణవనం దగ్గర పల్లెలో, మద్దెల ఆయన వడమాలపేట వైపు, హార్మోనియం ఆయన కొడుకు దగ్గర తిరువళ్లూరులో. అందరూ డెబ్బై దాటినవాళ్లే. ద్రౌపదికి చెలికత్తె వేషం కట్టే ఆయన ఉన్నారో లేదో కనుక్కోవాలి.

కానీ ఒక మాట. నేను రాయాలనుకుంది పద్యాల సంకలనం కాదు, తలకోన తమ్ముడు చెప్పినట్టు నవలే. మనసులో ఎప్పటినుంచో మొదటి వాక్యం కూడా ఉంది. అందరి దగ్గరికీ పోయి రికార్డు చేసుకుంటే అది పరిశోధన అయిపోతుంది కదా, నాకు డిగ్రీ కూడా బీకాం.

పాత_మాస్టారు

బీకాం చదివినవాడు లెక్క తప్పడు. నవల రాయవద్దని నేను అనలేదు. నవల ఎవరైనా రాస్తారు. ఎడమ పేజీ కొలతలు, కుడి పేజీ పద్యాలు ఉన్న పుస్తకం మీ ఇంట్లో తప్ప ఎక్కడా లేదు.

తలకోన_నీళ్లు

మాస్టారూ, నవల 'ఎవరైనా' రాయలేరండి. నేను మూడేళ్లుగా ఒకటి రాస్తున్నా, హీరో ఇంకా బస్సు దిగలేదు.

మండీ_బెల్లం

😂 దిగుతాడు లే తమ్ముడూ, మన ఘాట్ రోడ్డు ట్రాఫిక్ అట్లుంది.

కొర్లగుంటన్నా, చిత్తూరు నుంచి రాస్తున్నా. క్వాలిటీ చెకింగ్ చేశానన్నావు కదా. జూన్ నుంచి తోతాపురి మామిడికాయ దిగుతుంది, మా వైపు పల్ప్ ఫ్యాక్టరీలు సీజనుకు మనుషుల్ని తీసుకుంటాయి. కాయ గ్రేడింగు, పల్ప్ బ్రిక్స్ (తీపి ఎంతుందో) చూడటం, డ్రమ్ముల సీలింగు, రికార్డు రాయడం లాంటివి. నువ్వు చేసిన పని వేరు, ఇది వేరు, కానీ రిజిస్టరు సక్రమంగా రాసే మనిషి దొరకడం ఇక్కడ కష్టం. రెండు మూడు నెలల పని. జీతం నీ పాత జీతం అంత ఉండదు, అది ముందే చెప్తున్నా. సీజను అయ్యాక మళ్లీ నీ దారి నీది. పర్మనెంటు ఉద్యోగం వెతుక్కుంటూనే ఇది చేసుకోవచ్చు, గ్యాప్ అని చెన్నై అన్న బాధపడుతున్నాడు కదా, అది కూడా ఉండదు.

చెన్నై_సెంట్రల్

ఇది మంచి మాట. దీనికి నేను ఓటేస్తా.

కొర్లగుంట

బెల్లం అన్నా, ఇది నాకు తోచనే లేదు. ఒక్క టెన్షన్ ఏందంటే జూన్ అంటే భారతాలు జరిగే టైము. రాత్రి షిఫ్టు పడితే నాటకం పోతుంది, పగలు షిఫ్టు పడితే నిద్ర పోతుంది.

మండీ_బెల్లం

పగలు అడుగు. రాత్రి తెల్లవార్లూ నాటకం చూసి పొద్దున షిఫ్టుకు వచ్చేవాళ్లు మా దగ్గర బోలెడుమంది, మధ్యాహ్నం భోజనాల తర్వాత డ్రమ్ముల నీడలో అందరూ అర్జునులే, ధనుస్సు వదిలేసి పడుకుంటారు.

అక్షరాల_అంగడి

తిరుపతిలో డీటీపీ, పుస్తకాల పని చేస్తాను. నోటుబుక్కుల గురించి చదివాక నాలుగు ముక్కలు.

ముందు స్కాను. ఫోనుతో ఫోటోలు తీస్తే అంచులు వంగుతాయి, నీడ పడుతుంది, అచ్చుకు పనికిరావు. 300 డీపీఐ కలర్లో స్కాను చేయించండి, నలుపు తెలుపు వద్దు, పెన్సిలు గీతలు, సున్నలు పోతాయి. కుట్టు ఊడిన పుస్తకమైతే స్కానర్ మీద అదిమి నొక్కొద్దు. ప్లాస్టిక్ కవర్లలో ఉంటే తీసేయండి, మన ఎండలకు లోపల చెమట పడుతుంది. ఆయన అర్దళం (వేషానికి మొహాన పూసే పసుపు రంగు) మరకలు, కుంకుమ మరకలు ఉంటే తుడవొద్దు దయచేసి. ఒకాయన తాతగారి పుస్తకం తడిగుడ్డతో శుభ్రంగా తుడిచి తెచ్చాడు నా దగ్గరికి, అక్షరాలతో సహా.

టైపు చేస్తే యూనికోడ్‌లోనే చేయండి. అను ఫాంట్లలో చేస్తే ప్రెస్సుకు పనికొస్తుంది, ఇంకెక్కడా వెతకడానికి రాదు, వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. ఇన్‌డిజైన్ (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) కొత్త వెర్షన్లలో యూనికోడ్ తెలుగు బాగానే కూర్చుంటోంది. గూగుల్‌లో రామభద్ర, మల్లన్న, సూరన్న లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. ఫోనులో నోటితో చెప్తే టైపు అయ్యేది మామూలు మాటలకు బాగుంది, పద్యం చెప్తే మాత్రం వాడు ఏదో కిరాణా లిస్టు రాస్తాడు.

పుస్తకం ఖర్చు ఫారాల్లో లెక్కేస్తాం, డెమీ సైజులో ఫారం అంటే 16 పేజీలు. 192 పేజీలంటే 12 ఫారాలు. 196 అయితే నాలుగు పేజీల కోసం ఇంకో ఫారం పెట్టాలి, కాబట్టి పేజీలు ఆఖర్లో సర్దుకోండి. ముందే 500 కాపీలు వేయక్కర్లేదు, ఇప్పుడు డిజిటల్‌లో తక్కువ కాపీలు వేసుకుని, అయిపోతే మళ్లీ వేసుకోవచ్చు, కాపీకి కొంచెం ఎక్కువ పడుతుంది, మంచం కింద పెట్టెలు మాత్రం ఉండవు. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) కి ఎవరైనా డబ్బులు అడిగితే ఇవ్వకండి. మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఉచితంగా ఇస్తుంది, రచయిత సొంతంగానే పెట్టుకోవచ్చు.

పద్మక్క_పీలేరు

నాకు ఒక ఆలోచన వచ్చింది, నచ్చకపోతే వదిలేయండి. పుస్తకాన్ని నోటుబుక్కు లాగానే వేస్తే? ఎడమ పేజీలో తమ్ముడు రాసే నాయన కథ, మిషను, కొలతలు, బడి, ఇల్లు. కుడి పేజీలో ఆ రాత్రి నాటకం, పద్యాలు, పెద్దవాళ్లు చెప్పినవి. నవల కావాలన్నవాళ్లు ఎడమవైపే చదువుకుంటూ పోతారు, మాస్టారు లాంటివాళ్లు కుడివైపు.

తలకోన_నీళ్లు

అక్కా!!!! ఇది కొట్టేశావు.

అక్షరాల_అంగడి

వినడానికి బాగుంది, పేజీలు కట్టేవాడికి నరకం. ఎడమవైపు మూడు పేజీల కథ, కుడివైపు అర పేజీ పద్యం వస్తే మిగతా తెల్లకాగితం ఎవరు కొంటారు? చేయొచ్చు, కాకపోతే రాసేటప్పుడే రెండువైపులా కొలత చూసుకుని రాయాలి. టైలరు కొడుక్కు చెప్పాలా.

కొర్లగుంట

అక్కా, ఈ మాట విన్నాక నిన్న రాత్రి నిద్ర పట్టలేదు. పుస్తకం ఎట్లుండాలో ఇన్నేళ్లూ నాకు తోచలేదు. మనసులో ఉన్న ఆ మొదటి వాక్యం మాత్రం పనికిరాదని తెలిసిపోయింది, అది చాలా సినిమాగా ఉంది.

ఇంకో ప్రశ్న. పద్యాలు కొన్ని నాయన సొంతం కాదు. ఎవరో ఒక వాద్యార్ నేర్పినవి, కొన్ని పాత అచ్చు పుస్తకాల నుంచి రాసుకున్నవి అయి ఉంటాయి. అచ్చేస్తే ఇబ్బందా?

హెచ్ఆర్_కాదు_నేను

మన కాపీరైటు చట్టం 1957 ది. రచయిత బతికున్నంతకాలం, పోయాక ఇంకో 60 ఏళ్లు హక్కు ఉంటుంది, వారసులకు. తరతరాలుగా నోటిమీద వస్తున్నదానికి ఒక రచయిత అంటూ ఉండడు కాబట్టి ఆ గొడవ తక్కువ. ఫలానా వాద్యార్ కట్టిన దరువు అని తెలిస్తే మాత్రం వాళ్ల ఇంటివాళ్లను అడిగి, ఒప్పుకున్నట్టు రాయించుకుని, పేరు వేయి. మన ఊళ్లలో అడిగితే కాదనేవాళ్లు అరుదు, అడగకుండా వేస్తే ఊరుకునేవాళ్లు ఇంకా అరుదు.

పాత_మాస్టారు

రికార్డు చేసేటప్పుడు కూడా మొదట్లోనే, 'ఫలానా నేను చెప్తున్నాను, అచ్చు వేసుకోవచ్చు' అని వారి నోటితోనే చెప్పించండి. ఊరు, తేదీ కూడా చెప్పించండి. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు ఉన్నాయి, కుప్పంలో 1997 లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయంలో జానపదం చదివించేవాళ్లు ఉన్నారు. పద్యం ఎక్కడిదో పట్టుకోవడానికి అక్కడ అడగండి. సిఫార్సు అక్కర్లేదు, స్కాను కాపీ ఒకటి పట్టుకుపోతే చాలు.

వేదిక_నిర్వాహకుడు

మంచి చర్చ. ఎవరూ ఫోన్ నంబర్లు, పెద్దవాళ్ల ఇంటి చిరునామాలు ఇక్కడ పెట్టొద్దు, ప్రైవేటు మెసేజిలో ఇచ్చుకోండి.

కొర్లగుంట

వారం తర్వాత వస్తున్నాను, సారీ. గ్రాట్యుటీ సంగతి: అడిగితే 'ప్రాసెస్‌లో ఉంది' అన్నారు, మెయిల్లో రాసివ్వమన్నాను, రాసిచ్చారు. హెచ్ఆర్ అన్నకు ఒక పెద్ద నమస్కారం. బెల్లం అన్న చెప్పిన చోట మాట్లాడాను, పగలు షిఫ్టే ఇస్తామన్నారు, కాయ దిగడాన్ని బట్టి పిలుస్తారంట.

నారాయణవనం వైపు దుర్యోధనుడి దగ్గరికి పోయి వచ్చాను. మనిషి బాగా వంగిపోయినారు, చెవి సరిగా వినపడదు. మా నాయన పేరు చెప్పగానే 'మా పాంచాలి కొడుకా' అని గెడ్డం పట్టుకున్నారు. ఫోను ముందు పెట్టి పద్యం చెప్పమంటే ఒక్కటీ రాలేదు. మొదటి ముక్క ఎత్తుకుంటారు, ఆగిపోతారు. మర్చిపోయినారేమో అనుకుని నేను నోటుబుక్కులో చూసి అందిస్తుంటే చిరాకు పడి 'తెర యాడరా?' అన్నారు. వాళ్ల మనవరాళ్లు ఇద్దరు దుప్పటి ఒకటి తెచ్చి అడ్డంగా పట్టుకున్నారు. ఆయన దాని వెనక్కి పోయి, గోడ పట్టుకుని నిలబడి, కాలితో నేల మీద తాళం వేసి ఎత్తుకున్నారు చూడండి, ఆ వంగిన మనిషి ఆ గొంతు ఎక్కడ దాచుకున్నాడో తెలీదు. సభలోకి వచ్చే దరువు మొత్తం, ఆపకుండా. వీధిలో పోయేవాళ్లు నిలబడిపోయినారు. ఇంకోటేందంటే మా నాయన పుస్తకంలో లేని నాలుగు పాదాలు మధ్యలో వచ్చినాయి. అవేంది అని అడిగితే, అవి ద్రౌపదిని చూసి దుర్యోధనుడు అనేవి, నీ నాయన తనవి తాను రాసుకున్నాడు, నావి ఆయన ఎందుకు రాస్తాడు అన్నారు.

అంటే కుడి పేజీలో కూడా సగమే ఉంది. మాస్టారు చెప్పింది నిజం.

పాత_మాస్టారు

సంతోషం. ఆ నాలుగు పాదాలు నాకు పంపండి, ఛందస్సు చూస్తాను. ఈసారి పోయినప్పుడు మద్దెల ఆయన్ను కూడా కారులో ఎక్కించుకుని పోండి. ఇద్దరూ ఒకచోట కూర్చుంటే ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు, మీకు అదే కావాలి.

అక్షరాల_అంగడి

రికార్డింగు ఎట్లా వచ్చింది? ఫ్యాను చప్పుడు ఉందా?

కొర్లగుంట

ఫ్యాను ఆపించాను, మేకలు మాత్రం ఉన్నాయి.

అక్షరాల_అంగడి

మేకలు ఉండనీ. ఫైలు ఫోనులో ఒక్కచోటే పెట్టొద్దు, ఈ రోజే ఇంకోచోటికి కాపీ చేయి. ఫైలు పేరులో తేదీ, ఊరు, వేషం వేయి, 'రికార్డింగ్ 14' అని ఉంటే ఆర్నెల్ల తర్వాత నీకే తెలీదు. ఫోను బల్ల మీద నేరుగా పెట్టకుండా కింద మడత పెట్టిన టవలు వేయి, కాలితో తాళం వేస్తే ఆ దెబ్బ రికార్డులో పిడుగులా పడుతుంది.

చెన్నై_సెంట్రల్

అన్నా, నేను వెనక్కి తగ్గడం లేదు, ఉద్యోగం చూసుకోవాల్సిందే. శ్రీసిటీ వైపు క్వాలిటీలో రెండు ఖాళీలు ఉన్నాయని తెలిసింది, వివరాలు ప్రైవేటుగా పంపాను. తిరువళ్లూరు మాకు దగ్గరే. హార్మోనియం ఆయన దగ్గరికి ఆదివారం నేను పోయి వస్తాను, ఏం అడగాలో రాసి పంపు. నాకు తాళం, రాగం తెలీదు, బటన్ నొక్కడం తెలుసు.

కొర్లగుంట

అన్నా, అంతకంటే ఏం కావాలి. ప్రశ్నలు రాత్రికి పంపుతాను. ముందు ఆయన్ను హార్మోనియం బయటికి తీయించు, మాటలతో మొదలుపెట్టొద్దు.

పుత్తూరు_బండి

ఇంతసేపూ చదువుతూ ఉన్నా, మా ఊళ్లో భారతం నడుస్తోంది, పుత్తూరు నుంచి కొంచెం లోపలికి. ఈ శుక్రవారం అర్జున తపస్సు, ఆదివారం దుర్యోధన వధ, గుండం. నాటకం వాళ్లలో ఇప్పుడు ద్రౌపది కట్టేది కుర్రోడు, పగలు సెల్ రిపేరు షాపు. మీ నాయన పేరు చెప్తే వాళ్ల వాద్యార్‌కు తెలిసే ఉంటుంది. తపస్సు నాడే రండి, ఆదివారం జనంలో ఎవరితోనూ మాట్లాడలేరు. బైకులో వస్తే గుడి దాకా తేవద్దు, చెరువు కట్ట దగ్గర మా మామ కొట్టు ఉంది, అక్కడ పెట్టి నడిచి రండి. పవర్ బ్యాంకు తెచ్చుకోండి, రాత్రి పందిట్లో ప్లగ్గులన్నీ సౌండు సెట్టు వాళ్లవే.

కొర్లగుంట

శుక్రవారం వస్తున్నాను. మా పిల్లోడు కూడా వస్తానంటున్నాడు, నిద్రకు ఆగుతాడో లేదో. మీ మామ కొట్టు పేరు ప్రైవేటుగా పంపండి.